రెండు వేళ్ల బుద్ధి

మెతుకు పట్టి చూసింది మా మేనత్త. గరిటె కొసన పొగలు కక్కుతున్న ఒకే ఒక్క మెతుకు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ అది పలుకు లేకుండా నలిగి, మల్లెరేకులా పరుచుకుంది. "అయింది, దించు" అంది కోడలితో, పొయ్యి వైపు చూడకుండానే. కుండెడు అన్నానికి ఒక్క మెతుకు సాక్ష్యం చాలు ఆమెకు. యాభై ఏళ్ల వంటింటి తపస్సులో ఆ సాక్షి ఒక్కనాడూ బొంకలేదు.

ఆ వేళ్ల కొసలు పచ్చగా ఉన్నాయి. పసుపు కాదు, పత్తిపూల పుప్పొడి. వానాకాలం సగం దాటిందంటే మా వడ్డేపల్లి చుట్టుపక్కల ఆడవాళ్ల వేళ్లకు ఆ రంగు పడుతుంది. గోటిసందుల్లో దాక్కుంటుంది. కూడు కలిపితే కూట్లోకి, బిడ్డ తల దువ్వితే పాపిట్లోకి పాకుతుంది. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఇరుక్కున్న ఈ నడిగడ్డలో సీడుపత్తి కాలం నడుస్తున్నన్నాళ్లూ ఆడవాళ్లు పొద్దు పొడవకముందే పోయి పొద్దుగూకినా తిరిగిరారు.

ఆ రెండు వేళ్లను చూస్తే నాకొక పాత ఎత్తిపొడుపు గుర్తొచ్చి కలుక్కుమంటుంది. శ్రావస్తి ఊరి బయట అంధవనం. భిక్ష ముగించుకుని సోమ అనే భిక్షుణి చెట్టు మొదట కూర్చుంది. సాధకుల మనసు చెదరగొట్టే మారుడు వచ్చాడు. వాడు వచ్చేది ఎప్పుడూ అలాంటప్పుడే. ఋషులకే అందని చోటు రెండు వేళ్ల బుద్ధిగల ఆడదానికి అందుతుందా అని గేలిచేశాడు. సోమ బెదరలేదు. మనసు కుదురుకున్న చోట ఆడతనానికి పనేముంది, నేను ఆడదాన్ని, నేను మగవాణ్ని అని లెక్కలేసుకునేవాళ్లు వేరే ఉంటారు, వాళ్ల దగ్గరికి పో అన్నట్టుగా జవాబిచ్చి పంపింది. మారుడు మొహం వేలాడేసుకుని మాయమయ్యాడు. మాయమైంది మారుడే. మాట మాత్రం ఉండిపోయింది.

రెండు వేళ్ల బుద్ధి అంటే ఏమిటో వ్యాఖ్యానకారులు విడమరిచి చెప్పారు. ఆడపిల్ల ఏడో ఏటి నుంచో ఎనిమిదో ఏటి నుంచో అన్నం వండుతూనే ఉంటుంది, అయినా ఉడికిందో లేదో తెలియక ప్రతిసారీ మెతుకు తీసి రెండు వేళ్లతో నొక్కిచూస్తుంది, అంతే ఆమె తెలివి అని ఒక వివరణ. దూదిని రెండు వేళ్ల నడుమ పట్టుకుని నూలు తెంపుతుంది కాబట్టి ఆ పేరు అని ఇంకొకటి. ఒకటి అన్నం, ఒకటి పత్తి. మా నడిగడ్డ ఆడవాళ్ల రోజును ఎవరో ముందే చూసి రాసుకున్నట్టుంది! ఈ రెండో వివరణ రాసిన బుద్ధఘోషుడు అయిదో శతాబ్దంలో సింహళానికి వెళ్లి అట్ఠకథలు రాశాడు. ఆయన మన గుంటూరు సీమవాడేనని కొందరు పండితులు అంటారు. అదే నిజమైతే ఆ దూదీ, ఆ వేళ్లూ ఏ తెలుగింటి అరుగు మీద చూశాడో! వాళ్లమ్మ వేళ్లే కావచ్చు. అమ్మ వేళ్లను చూసి, ఆ ఒడుపును చూసి, దానికి అల్పబుద్ధి అని అర్థం రాసుకోవడానికి కొడుక్కి ఎంత చదువు కావాలి!

నేనైతే ఆ రెండు వేళ్లనే నమ్ముతాను. ఎందుకో చెప్పాలంటే చేలోకి రావాలి.

సీడుపత్తి చేలో ఆడ సాళ్లు, మగ సాళ్లు అని వేరుగా ఉంటాయి. సాయంత్రం పూట ఆడ సాళ్లలో దిగుతారు. వందల మొగ్గల్లో రేపు విచ్చే మొగ్గ ఏదో చూపుతోనే ఏరుకోవాలి. ఇవాళ్టిది కాదు, ఎల్లుండిది కాదు, రేపటిదే. బొటనవేలి గోటితో మొగ్గ మొదట్లో చుట్టూ గీత గీసి, చూపుడువేలు ఆనించి, ఒక్క మెలిక తిప్పితే రెక్కలూ కేసరాలూ కలిసి టోపీ ఊడినట్టు ఊడివస్తాయి. నడుమ పుల్లలా కీలం ఒక్కటే నిలుస్తుంది. దానికి గోరు తగలకూడదు. తగిలితే కాయ లేదు. మరునాడు పొద్దున మగ సాళ్ల పూలు కోసుకొచ్చి, ఆ కీలానికి పుప్పొడి అద్ది, గుర్తుకు నూలుపోగు కడతారు. ఇట్లా పూటకు ఎన్ని వందల పూలో. నడుము వంగిపోయి, మెడ పట్టేసి, కళ్లలో మందు ఘాటు మండుతుంటే కూడా ఆ మెలిక తప్పదు. పువ్వు సున్నితమని, చిన్న వేళ్లయితే కీలం చెదరదని, ఒకప్పుడు బడికి పోవలసిన ఆడపిల్లలను ఏరి ఏరి తెచ్చారు ఈ పనికి. ఆ పిల్లలు ఇప్పుడు తల్లులు. వాళ్ల గోళ్లు ఇంకా మొగ్గ ఆకారంలోనే అరిగి ఉన్నాయి.

కుండెడు అన్నాన్ని ఒక్క మెతుకుతో పట్టడం, రేపటి పువ్వును ఇవాళ్టి మొగ్గలో చదవడం. ఇది అల్పబుద్ధి అయితే ఆ ఋషులు పొందినదేమిటో నాకు తెలియదు.

మా ఊరి పక్కగా పారే తుంగభద్ర రాజోలి రేవులు తడిపి, అలంపురం మెట్లు కడిగి, ముందుకు పోయి కృష్ణలో కలిసి పేరు పోగొట్టుకుంటుంది. నదుల్లోనూ ఆడపడుచుల గతే. ఆ కలిసిన నీళ్లు నల్లమల కోతల్లోంచి పోయి పోయి ఒకచోట నాగార్జునసాగరమై నిలుస్తాయి. ఆ నీళ్ల అడుగున ఒక పట్నం ఉంది. విజయపురి. మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల రాజధాని. 1926లో శాసనాలతో బయటపడింది. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు పునాదిరాయి పడింది. నీళ్లు వచ్చేలోగా తవ్వుకోగలిగినంత తవ్వుకుని, మోయగలిగిన రాళ్లను కొండ మీదికి మోసి, మిగిలినదాన్ని కృష్ణమ్మకు అప్పగించారు. పొలాలు పండాయి, కాదనను. కానీ నాగార్జునకొండకు లాంచీలో పోతున్నప్పుడు, ఇంజను చప్పుడు కింద, నీళ్ల కింద, బురద కింద ఆడవాళ్ల అడుగుల సడి వినాలని ఎందుకో చెవి నీళ్లకు ఆనించాలనిపిస్తుంది.

ఎందుకంటే ఆ పట్నంలో బుద్ధుడి ఇళ్లన్నీ ఆడవాళ్లు కట్టించినవే అన్నంత మంది ఉన్నారు శాసనాల్లో. రాజులు వేరే దారిలో నడిచారు. మొదటి శాంతమూలుడు అశ్వమేధం చేశాడు, మహాసేనుడి భక్తుడు, లక్ష ఆవులు, నాగళ్లు, బంగారు కోట్లు దానం చేశాడని శాసనాలు చెబుతాయి. ఆయన చెల్లెలు చాంతిసిరి, తెలుగు పుస్తకాల్లో శాంతిశ్రీ, అన్న యజ్ఞం పొగలోంచి నడిచి వచ్చి మహాచైత్యం నిలబెట్టింది. మేనల్లుడూ అల్లుడూ అయిన వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో. (మా మండలం కూడలి పేరు శాంతినగర్. బస్సు దిగిన ప్రతిసారీ ఈమెకే ఆ పేరు పెట్టినట్టు ఒక క్షణం మురుస్తాను. తర్వాత బస్టాండు రొద ఆ మురిపాన్ని తుంచేస్తుంది.)

ఆమె స్తంభం మీద ఏం కోరుకుందో చూడండి. తన ఉభయకులాల వారికీ, పోయినవాళ్లకూ ఉన్నవాళ్లకూ రాబోయేవాళ్లకూ రెండు లోకాల్లో మేలు కలగాలని కోరింది. ఉభయకులాలు అంటే పుట్టినిల్లు, మెట్టినిల్లు. పదిహేడు వందల ఏళ్ల కిందటి రాతిలో మన ఆడపడుచు నోటి మాట! ఆ తర్వాత, అందరికీ వడ్డించి ఆఖరున తన కంచం పెట్టుకున్నట్టు, తనకు నిర్వాణం కావాలని అడిగింది. అడగడమే గొప్ప. అంతమంది పేర్ల నడుమ తన కోసం ఒక్క మాట.

ఆ రాజుల పేర్లు కూడా విచిత్రం. వాసిఠీపుత్రుడు, మాఠరీపుత్రుడు. వాళ్లకన్నా ముందు గౌతమీపుత్రుడు. తల్లి గోత్రాన్ని నొసట రాసుకున్న కొడుకులు. అది చూసి ఇక్కడ తల్లులదే రాజ్యమని పొంగిపోయినవాళ్లున్నారు. నేనూ ఒకప్పుడు పొంగాను. తీరా చూస్తే అది ఆమె పుట్టింటి గోత్రం, ఆమె పేరు కాదు. వాసిఠీ అంటే ఎవరు? ఏం పేరు పెట్టి పిలిచారు ఆమెను ఉయ్యాలలో? కొడుకు పేరులో ఉండి కూడా ఆమె లేదు.

బోధిసిరి మాత్రం ఉంది. రాణి కాదు, గృహస్థు ఇంటి ఆడబిడ్డ, ఉపాసిక. వీరపురుషదత్తుడి పద్నాలుగో ఏట, తామ్రపర్ణి (సింహళం) నుంచి వచ్చిన థేరుల, అంటే పెద్ద భిక్షువుల కోసం చుళధమ్మగిరి విహారంలో చైత్యగృహం కట్టించి, దానితోపాటు తానిచ్చినవన్నీ వరసపెట్టి చెక్కించింది. సింహళ విహారంలో బోధివృక్షానికి ఒక మందిరం, దేవగిరిలో ధ్యానశాల, పువ్వసేలంలో చెరువు, కంటకసోలలో రాతిమండపం, పాపిలలో ఏడు గదులు. చదువుతుంటే పెళ్లిలో సారె విప్పి చూపిస్తున్నట్టుంటుంది. ఇదిగో ఇది, ఇదిగో ఇది. తన బంధువులందరి పేర్లూ చెప్పింది. పనులు చూసిన థేరుల పేర్లు చెప్పింది. రాయి చెక్కిన వడ్రంగి విధికుడి పేరు కూడా మరచిపోలేదు. ఎవరి కూలీ ఎగ్గొట్టని ఇల్లాలు. ఆమెకు ఆ డబ్బు ఎక్కడిది, ఆ ఆస్తి మీద ఆమె చెయ్యి ఎంతవరకు నడిచింది, మగవాళ్లు యజ్ఞాల వైపు, ఆడవాళ్లు స్తూపాల వైపు అని పుణ్యాన్ని ఇంట్లో పంచుకున్నారా, లేక ఆడవాళ్లు తమకు తలుపు తెరిచిన వైపు నడిచారా? పండితులు ఇంకా తేల్చలేదు. రెండోదే నా మనసుకు దగ్గర.

అయితే వీళ్లంతా ఇచ్చినవాళ్లు. ఇల్లు వదిలి, తల బోడి చేసుకుని, పాత్ర పట్టుకుని నడిచిన ఆడవాళ్లు ఎక్కడ? వాళ్ల కోసం ఇంకొంచెం కిందికి, అమరావతికి, నీళ్ల వెంట పోవాలి.

అమరావతి రాళ్ల మీద భిక్షుణుల పేర్లు మిణుగురుల్లా మెరుస్తాయి. రోహ. బుద్ధరక్షిత. సముదియ. ఈ సముదియ పేరుకు ముందు ఉన్న మాట చూసి నేను చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను. ఉవజ్ఝాయిని. ఉపాధ్యాయిని. ఆమె కింద శిష్యురాలు. కృష్ణ ఒడ్డున, రెండు వేల ఏళ్లకు అటూ ఇటూగా, పాఠం చెప్పిన ఆడది, పాఠం విన్న ఆడది, ఇద్దరూ రాతి మీద. బుద్ధరక్షిత శాసనం ఇంకా వింత. ఆమె భిక్షుణి, రాయసేలలో ఉంటుంది, కట్టడం పనులు చూసే థేరుడి శిష్యురాలు. ఆమె ఇచ్చిన పలక మీద ఏముందంటే, కూతురితో కూడా అని. సన్యాసిని పక్కన కూతురు! సంసారం వదలడమంటే బిడ్డను వదలడం కాదని, తెంచుకోవడమంటే మరచిపోవడం కాదని, ఏ సూత్రమూ చెప్పని సంగతి ఆ ఒక్క మాట చెప్పేసింది. భర్త పేరు లేదు. తండ్రి పేరు లేదు. గురువు, తాను, బిడ్డ. ఆ బిడ్డకు ఎన్నేళ్లో? అమ్మ బోడితల చూసి మొదటిరోజు ఏడ్చిందా?

అయ్యో, ఆ రాళ్లకు పట్టిన గతి! 1797లో మెకంజీ అనే దొర వెళ్లేసరికే దిబ్బను తవ్వి రాళ్లు పట్టుకుపోతున్నారు. చలువరాయిలా తెల్లగా మెరిసే ఆ సున్నపురాళ్లు ఎన్నో బట్టీల్లో కాలి సున్నమయ్యాయి. ఎందరు బుద్ధరక్షితలు ఏ గోడకు వెల్లయ్యారో, ఎందరు సముదియలు ఏ తాంబూలంలో ఆకుకు అంటుకుని, రెండు వేళ్లతో మడత పెడితే, ఎవరి నోట ఎర్రగా పండి ఊసిపోయారో. 1845లో ఎలియట్ అనే దొర తవ్వించినవి కొన్ని మద్రాసులో ఎండకు ఎండి వానకు తడిసి, 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియం గడప తొక్కాయి. పుట్టింటి నుంచి అంత దూరం పోయిన ఆడబిడ్డలకు ఏ పండక్కీ పిలుపు లేదు.

మిగిలిన ఈ నాలుగు మెతుకులను పట్టి చూస్తున్నారు పండితులు. 1909లో కరొలైన్ రీస్ డేవిడ్స్ తొలి భిక్షుణుల పాటలైన థేరీగాథను ఇంగ్లీషులోకి దించింది. 1930లో హార్నర్ పుస్తకం బౌద్ధం ఆడవాళ్ల బతుకును కొంత మెరుగుపరిచిందని నమ్మకంగా చెప్పింది. తరువాతి తరం ఆ నమ్మకాన్ని గరిటెతో తీసి నొక్కి చూసింది. పలుకు తగిలింది. మహాప్రజాపతి గౌతమి, బుద్ధుణ్ణి పాలిచ్చి పెంచిన తల్లి, వాచిపోయిన పాదాలతో, దుమ్ము కొట్టుకున్న ఒంటితో వైశాలి దాకా నడిచి గుమ్మం బయట ఏడుస్తూ నిలబడిన కథ అందరికీ తెలిసిందే. ఆనందుడు బతిమాలితే తలుపు తెరుచుకుంది, ఎనిమిది నియమాల గడియలతో. నూరేళ్ల దీక్షగల భిక్షుణి అయినా నిన్న చేరిన కుర్ర భిక్షువుకు లేచి మొక్కాలన్నది మొదటి గడియ. పెద్దరికాన్ని బట్టి మొక్కుకుందామని గౌతమి తర్వాత అడిగి చూసింది. కుదరదన్నారు. ఈ కథలోనే ఒక చినుగు ఉంది. ఆ నియమాల్లో రెండేళ్ల శిక్షణ పొందిన ఆడపిల్ల గురించి ఉంటుంది. ఇంకా పుట్టని సంఘానికి శిక్షణలో ఉన్న పిల్లలు ఎక్కడి నుంచి వచ్చారు? అందుకే ఇది తర్వాతి వాళ్లు అతికిన గుడ్డ అని చాలామంది పరిశోధకులు అంటారు. అతుకు వేసినవాడి నూలు రంగు వేరు. నేతగాళ్ల ఊళ్ల దగ్గర పుట్టినవాణ్ని, నాకది చూడగానే తెలిసిపోతుంది.

1992లో స్పాన్‌బర్గ్ అనే ఆయన ఒక మంచి మాట చెప్పాడు. బౌద్ధం ఆడవాళ్ల గురించి ఒక్క నోటితో మాట్లాడలేదు, నాలుగు గొంతులు కలగలిసి ఉన్నాయి అని. మోక్షం అందరిదీ అనే గొంతు. సంఘంలో మాత్రం మగవాడే పైన అనే గొంతు. ఆడదాన్ని చూసి వణికే, వణికి తిట్టే తపస్వుల గొంతు. ఆడా మగా రెండు గుణాలూ కలిస్తేనే బోధి అనే తర్వాతి గొంతు. రీటా గ్రాస్ 1993లో, తాను బౌద్ధురాలై ఉండి, ధర్మం మొదలు సమానమే, దానికి కట్టిన ఇల్లే వంకర అంది. నాకు ఈ వాదాల్లో అన్నిటికన్నా లోతుగా గుచ్చుకున్నది ఉమా చక్రవర్తి 1989లో వేసిన ప్రశ్న. మన గతంలోని ఉన్నత స్త్రీని వెతుక్కుంటూ మురిసిపోయాం సరే, వేదకాలపు దాసి ఏమైపోయింది అని.

బౌద్ధంలో ఆ దాసికి ఒక పేరుంది. పున్నిక. చలికాలంలో నీళ్లు మోసే దాసి, అమ్మగారి తిట్లకు భయపడి వణుకుతూ నదిలో దిగే పిల్ల. పాపం పోతుందని చన్నీళ్లలో మునుగుతున్న బ్రాహ్మణుణ్ణి చూసి, నీళ్లతో పుణ్యమొస్తే కప్పలకూ చేపలకూ స్వర్గం ఎప్పుడో దొరకాలి కదా అన్న అర్థంలో అడిగిందట. 2020లో తుంగభద్ర పుష్కరాలకు, కరోనా భయం నడుమనే రాజోలి రేవుకు వెళ్లాను. జనం మునుగుతున్నారు. వాళ్ల పక్కనే, అరిటాకులూ పసుపు కుంకుమలూ తేలుతున్న నీళ్లలోంచి చీపురుతో చెత్త లాగుతూ ఒకామె మోకాళ్ల లోతులో నిలబడి ఉంది. పొద్దున్నుంచీ నీళ్లలోనే ఉంది. ఒక్క మునకైనా వేయలేదు. పున్నికా అని పిలవాలనిపించింది. పిలవలేదు. ఆమెకు చలి వేస్తోంది.

అలంపురం మ్యూజియంలో ఒక తల్లి ఉంది. తల ఉండవలసిన చోట తామర. కాళ్లు ప్రసవానికి ముడుచుకున్నట్టు. లజ్జాగౌరి అని పండితులు పేరు పెట్టారు. ఆమెలో లజ్జ ఎక్కడుందో నాకెప్పుడూ కనిపించలేదు, పేరు పెట్టినవాళ్లకే ఉన్నట్టుంది. పిల్లల్లేని ఆడవాళ్లు వెన్న పూసి మొక్కేవారట. ఇలాంటి శిల్పమే నాగార్జునకొండలో విరిగి దొరికింది. దాని మీద శాసనం ఉంది. ఇచ్చినామె ఇక్ష్వాకు రాజు ఎహువల శాంతమూలుడి రాణి, మహాదేవి ఖండువుల. తన గురించి ఆమె చెప్పుకున్న బిరుదులు రెండే. అవిధవ, జీవపుత్ర. ముత్తైదువను, కొడుకు బతికున్నదాన్ని అని. విహారాల పట్నంలో, నిర్వాణం గంటలు మోగుతున్న పట్నంలో, రాణి భయం అది. మొగుడు పోకూడదు, బిడ్డ పోకూడదు. దుఃఖం మొదలేమిటో వెతికినవాడి ధర్మం ఆ భయం ముందు కాసేపు మౌనంగా కూర్చోవలసిందే. ఆ రాణికీ, ఆవగింజ కోసం చావు లేని ఇల్లు వెతుక్కుంటూ బిడ్డ శవంతో తిరిగిన కిసాగోతమికీ నడుమ ఒక్క ఇంటి గడపే దూరం.

ఇంకొక మాట చెప్పాలి, గొంతు పెగలకపోయినా. భిక్షుణి అంటే అడుక్కునే ఆడది. మా పాత మహబూబ్‌నగర్ జిల్లాలో జోగు అన్నా అడుక్కోవడమే. జోగిని అన్నా అడుక్కునే ఆడదే. ఒకే అర్థం కన్న ఇద్దరు ఆడపిల్లలు ఆ మాటలు. ఒకామె తన కాళ్ల మీద తాను ఇల్లు దాటింది. ఇంకొకామెను, ఊహ తెలియక ముందే, దేవుడి పేరు చెప్పి ఊరికి అప్పగించారు. ఒకామెకు తల బోడి, ఇంకొకామెకు మెడలో ముత్యాల దండ. ఆమ్రపాలి వేశ్యగా మొదలై థేరి అయింది, తోటను సంఘానికి ఇచ్చింది, ముసలితనంలో తన ఒళ్లు తాను చూసుకుని గాథ కట్టింది. మా జోగినికి ఇవ్వడానికి తోట లేదు, గాథ రాసుకోవడానికి తాటాకులు లేవు. 1988లో చట్టం వచ్చింది. చట్టం వచ్చిన తర్వాత కూడా పేరు కింద తండ్రి పేరు రాయమంటే పెన్ను ఆగిపోయిన పిల్లలను చూసిన జిల్లా ఇది. విహారం ఒకటి ఉంటే, సముదియ లాంటి ఉవజ్ఝాయిని ఒకామె ఉంటే, వాళ్లు ఎటు నడిచేవాళ్లు?

లేదు కదా. సముదియలు లేకుండా పోయారు. ఎప్పుడు పోయారో ఎవరూ రాయలేదు. అదే నా ఏడుపు. తొలి శతాబ్దాల స్తూపాల దగ్గర దాతల్లో భిక్షుణులు భిక్షువులకు దీటుగా కనిపిస్తారని, నాలుగు, అయిదు శతాబ్దాలు వచ్చేసరికి శాసనాల్లోంచి దాదాపు మాయమవుతారని గ్రెగరీ షోపెన్ లెక్కగట్టి చూపాడు. నాన్సీ ఫాక్ 1980లోనే అడిగింది, ఈ భిక్షుణులు ఎలా మాయమయ్యారని. పెద్దరికం లేనివాళ్లకు దానాలు తగ్గాయని, దానం తగ్గితే పొయ్యి ఆరిందని ఆమె వాదం. కత్తులతో తరిమేయలేదు, వాదంలో ఓడించలేదు. ఊరికే పాత్రలో వేయడం మానేశారు. వంట ఆగిపోయిన ఇంటిని ఎవరు కూల్చారని అడగగలం? యుద్ధంలో చచ్చినవాళ్లకు వీరగల్లు పెడతారు. ఆకలితో చెదిరిన సంఘానికి రాయి పెట్టేవాడు లేడు.

సింహళంలో ఇంకొంతకాలం నిలిచారు. పదకొండో శతాబ్దంలో, చోళుల దండయాత్రల కాలంలో, అక్కడా ఆ దీపం ఆరిపోయింది. అయితే అయిదో శతాబ్దంలోనే దేవసార అనే భిక్షుణి కొందరితో ఓడెక్కి చీనాకు పోయి అక్కడి ఆడవాళ్లకు దీక్ష ఇచ్చింది. ఆ దీపం అక్కడి నుంచి కొరియాకు ఎగబాకింది. 1996లో సారనాథ్‌లో కొరియా భిక్షుణుల ముందు సింహళ ఆడవాళ్లు మోకరిల్లి దీక్ష తిరిగి తీసుకున్నారు. పదిహేను వందల ఏళ్ల కిందట పెట్టిన సారె పుట్టింటికి తిరిగొచ్చింది. ఆ దీక్ష చెల్లదని వాదించే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. బోధిసిరి విజయపురిలోని సింహళ విహారంలో బోధివృక్షానికి మందిరం కట్టించింది కదా. ఆ చెట్టు వేరు ఇప్పుడు సాగరం నీళ్ల కింద ఎక్కడుందో.

ఈ రాత రాస్తున్న నాళ్లలో ఒక సాయంత్రం మా మేనత్త చేల నుంచి వచ్చి గచ్చు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. కూలి లెక్క చూసిపెట్టమని మేస్త్రీ రాసిచ్చిన చీటీ ఇచ్చింది. ఆడవాళ్ల పేర్ల వరస. ఫలానా వాని పెండ్లాం, ఫలానా వాని కోడలు, ఫలానా వాని బిడ్డ. ఆమె పేరు ఉండవలసిన చోట పదేళ్ల కిందట పోయిన మా మామ పేరు ఉంది. ఆయన ఒక్కనాడూ పువ్వు ముట్టలేదు. చచ్చిపోయి కూడా రోజూ కూలికి పోతున్నాడు.

చీటీ పక్కన పెట్టి ఆమెకు బుద్ధరక్షిత సంగతి చెప్పాను. అమరావతి, రాయి, భిక్షుణి, పక్కన కూతురు.

"మొగుని పేరు రాయలేదా?"

"రాయలేదత్తా."

"కూతురు పేరు?"

"అదీ లేదు. కూతురితో కూడా అని మాత్రం ఉంది."

ఆమె పచ్చటి వేళ్లు ఒకదానికొకటి రుద్దుకుంటూ చాలాసేపు ఊరుకుంది. లోపల కుండ కుతకుతమంటోంది.

"మరి ఆయమ్మకు కూడెవరు వండిరి నాయనా?"

"అడుక్కునేదంట అత్తా. ఇంటింటికీ పాత్ర పట్టుకుని."

"మగోళ్లు వాకిట్లో నిలబడి వేస్తారా? మాలాంటోళ్లే వేసి ఉంటారు." మోకాళ్ల మీద చేతులానించి లేచింది. "రోజూ ఒక పిడికెడు ఎక్కువే వేస్తా నేను. మీ మామకు తెలిస్తే తిట్టేవాడు." వంటింట్లోకి పోయి, మూత తీసి, గరిటె అంచున ఒక మెతుకు తీసింది.